పచ్చగా మిగిలిన పేరు

బడి విడిచే గంట మోగింది. పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరే అడుగుచాప మీదుగా నడిచి బయటికి వస్తుంటే, గేటు పక్క గోడకున్న రేపటిపలక మీద వాళ్ళ పేర్లు వరసగా ఎర్రబడుతున్నాయి. విఠల్ సార్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కళ్ళజోడు తప్పేమీ లేదు.

ఆ నేతవాడ ఉన్నత పాఠశాలలో ఎర్రపేరు అంటే రేపు బడికి రాని పిల్ల అని అర్థం. అడుగుచాప చూపుకు మామూలు గోనెపట్టాలాగే ఉంటుంది. దాని పోగుల్లో కలిపి అల్లిన సన్నని తీగలు మాత్రం ఇంటికి పోయే పిల్లల అడుగు బరువును, తడబాటును, ఆగి వెనక్కి చూసిన క్షణాన్ని కూడా పసిగడతాయి. బడి ఎగ్గొట్టాలన్న ఆలోచన ముందు కాళ్ళలోకి దిగుతుందని, నోటితో ఎంత చక్కగా అబద్ధమాడే పిల్లలైనా పాదంతో ఆడలేరని దాన్ని తయారుచేసినవాళ్ళు తేల్చారు. పేరు ఎర్రబడితే హాజరు బాధ్యుడైన ఉపాధ్యాయుడు పొద్దుగూకే లోపల ఆ ఇంటికి వెళ్ళి, తల్లిదండ్రులతో మాట్లాడి రావాలి. దానికి ఇంటిచూపు అని పేరు.

ఈ పద్ధతి మీద విఠల్ సార్‌కు గట్టి నమ్మకం. అంతకుముందు ఒక పిల్ల బడి మానేసిన సంగతి తెలిసి, ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆ పిల్ల ఏ మిల్లులోనో పనికి కుదిరిపోయి ఉండేది. ఇప్పుడలా కాదు, మానక ముందే వెళ్తున్నాడు. అలా మళ్ళీ బడికి తెచ్చుకున్న పిల్లల్లో ఇద్దరు డాక్టర్లయ్యారు, ఒకామె ఈ బడికే లెక్కల టీచరుగా వచ్చింది. ఆ మాట ఎవరు ఎత్తినా, ఎత్తకపోయినా ఆయన చెప్పేస్తాడు. ఆ మాత్రం గర్వం ఆయనకు చెల్లుతుంది.

మామూలుగా రోజుకు ఒకటో రెండో పేర్లు ఎర్రబడేవి. వారం రోజులుగా పెరుగుతూ వచ్చి, ఇవాళ దాదాపు తరగతి మొత్తం ఎరుపెక్కింది. పిల్లలేమో నవ్వుముఖాలతో "పోయొస్త సార్" అని చెప్పి మరీ పోతున్నారు. ఆ ఊళ్ళో ఇల్లు దాటే మనిషి ఉత్తగా పోతున్నానని అనడు. వెనక్కి వచ్చే మాట కూడా కలిపి చెబితేనే వినేవాళ్ళకు మనసు కుదుటపడుతుంది. అడుగుచాపకు ఈ మాటలతో పనిలేదు, అది మర్యాదకు అనేదని తయారీదారులు మొదట్లోనే తీసి పక్కన పెట్టారు.

ఆఫీసు గదిలోకి అడుగుపెట్టగానే దూరదర్పణంలో మండల విద్యాధికారిణి నాగరాణి గారి ముఖం వెలిగింది. రేపు పదో తరగతికి వచ్చేది ఒక్కతే అమ్మాయట, మిగిలినవాళ్ళందరికీ ఏమైందని ఆవిడ అడిగింది. చాప పాడై ఉంటుందని, పొద్దున్నే మరమ్మతు వాళ్ళను పంపిస్తానని కూడా అంది. ఈ సాయంత్రం వరకు తనకు వదిలేయమని విఠల్ సార్ అడిగాడు.

"వదిలేస్తాను. ఆ ఒక్క అమ్మాయినైనా జారిపోకుండా చూసుకోండి" అని ఆవిడ నవ్వింది.

దగ్గరగా ఉన్నది చేతన్ ఇల్లు. చేతన్ ఏ రోజూ బడి మానని కుర్రాడు. విఠల్ సార్ వాకిట్లోకి వెళ్ళేసరికి కుర్చీ తుడిచి వేసి ఉంది, పొయ్యి మీద చాయ్ మరుగుతోంది, చేతన్ నాయనమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని గడపలో కూర్చుంది. పక్కింటివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

"వచ్చినవా సారూ. పొద్దటి సంది తొవ్వ చూస్తున్నం" అంది ముసలమ్మ.

తాను వస్తున్నట్టు వీళ్ళకు పొద్దున్నే ఎలా తెలుసు? విఠల్ సార్ చేతన్ వైపు తిరిగాడు. వాడు కాసేపు తల గోక్కుని, మొత్తం కక్కేశాడు. ఎడమకాలు కొంచెం ఈడ్చి, చాప చివర ఒక్కసారి ఆగి, బడి వైపు తిరిగి చూస్తే పేరు ఎర్రబడుతుందట. ఎవడో కాలు బెణికి కుంటుతుంటే ఆ సంగతి బయటపడిందట. ఆ తర్వాత తరగతి మొత్తం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వరండాలో నడక నేర్చుకుందట.

ఎందుకురా అని అడిగాడు విఠల్ సార్.

"మీరు ఎర్రపేరోళ్ళ ఇండ్లకే పోతరు సార్. మేం దినాం బడికొస్తం. మా ఇంటికి ఎన్నడు రాలే."

విఠల్ సార్‌కు నవ్వొచ్చింది. అన్నేళ్ళ శాస్త్రాన్ని పిల్లకాయలు ఎడమకాలితో బోల్తా కొట్టించారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. సరిగ్గా వచ్చే పిల్లలకు ఆయన ఇంతవరకూ ఇచ్చింది పలక మీద ఓ పచ్చరంగు, అంతే.

ఏదైతేనేం, రేపు అందరూ వస్తారు. ఆ మాట నాగరాణి గారికి చెప్పి ఇంటికి పోవచ్చనుకుని చాయ్ గ్లాసు అందుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, పచ్చగా మిగిలిన ఆ ఒక్క పేరు. ఆడెపు కృత్తిక. ఆ పిల్లకు ఈ నడక ఎవరూ నేర్పలేదా అని అడిగాడు.

"చెప్పినం సార్. నాకెందుకు అన్నది" అన్నాడు చేతన్.

గేటు దగ్గర కృత్తిక తన ముందు నుంచి వెళ్ళడం విఠల్ సార్ కళ్ళకు కట్టింది. అడుగు తిన్నగా, తేలిగ్గా పడింది. ఎక్కడా ఆగలేదు. "పోతున్న సార్" అంది. ఆయన అలవాటుగా తలూపాడు. అందరూ పోయొస్త అంటుంటే ఆ పిల్ల ఒక్కతే పోతున్న అంది. వెళ్ళాలా వద్దా అని కొట్టుకునే మనిషికే కాలు తడబడుతుంది. తేల్చేసుకున్నాక తడబడటానికి ఏముంటుంది?

వేడివేడి చాయ్ నోరు కాలుతున్నా ఒక్క గుక్కలో తాగేసి లేచాడు. మూడేళ్ళు పాఠం చెప్పిన పిల్ల ఇంటికి దారి ముగ్గురిని అడగాల్సి వచ్చింది.

ఆ ఇంట్లో బడిసంచి ఖాళీగా, ఎత్తున మేకుకు వేలాడుతోంది. పుస్తకాలు పాత దుప్పట్లో మూటకట్టి ఉన్నాయి. చంకన అన్న కొడుకును ఎత్తుకుని కృత్తిక నిలబడింది. గుమ్మంలో సారును చూసి తల్లి కంగారుపడింది.

"ఏం తప్పు చేసింది సారూ మా పిల్ల?"

సారు ఇంటికొచ్చాడంటే తప్పు చేసినట్టే అనుకునేంత దూరంలో ఈ ఇల్లు ఉండిపోయిందని విఠల్ సార్‌కు సిగ్గేసింది. తప్పేమీ లేదని చెప్పి, పుస్తకాల మూట వైపు చూశాడు. తల్లి దాచకుండా సంగతి చెప్పింది. మగ్గాలు వాటంతటవే నేస్తున్నా తెగిన పోగు చూసేందుకు మిల్లులో మనిషి ఉండాలి. కోడలు రజిత రేపటి నుంచి మళ్ళీ పనికి వెళ్తోంది. పసివాడిని చూసుకునేవాళ్ళు లేరు. కృత్తికను అడిగితే మారుమాట లేకుండా సరే అంది.

"బడోళ్ళకు గూడ దీనితోని పనేమున్నది అనుకున్నం. ఇన్నేండ్లల్ల ఎవరన్న వచ్చిన్రా?" అంది తల్లి. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

కృత్తిక మెల్లిగా అడిగింది. "నా పేరు ఎర్రగైందా సార్?"

"లేదమ్మా. రేపు నువ్వు వస్తవనే చెప్పింది పలక."

"మరెందుకొచ్చిన్రు?"

"నువ్వు పోయొస్త అనలే."

కృత్తిక పసివాడి భుజంలో ముఖం దాచుకుంది. వాడు ఆమె జడ పట్టుకుని లాగుతున్నా తల ఎత్తలేదు. ఏడుస్తోందని అందరికీ తెలిసింది.

విఠల్ సార్ తల్లికి పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. తరగతిలో ఏ ప్రశ్న అడిగినా మిగతావాళ్ళంతా చెప్పి అలసిపోయే దాకా ఆగి, అప్పుడు కృత్తిక జవాబు చెబుతుందని, అది తప్పడం తాను చూడలేదని అన్నాడు. ఆ పిల్ల ఎటూ ఉంటుందిలే అన్న ధీమాతో ఆమె వైపు చూడటం మానేశానని కూడా అన్నాడు. అంతవరకూ తలుపు పక్కన నిలబడ్డ వదిన రజిత ముందుకొచ్చి పసివాడిని అందుకుంది.

"నేను మిల్లుల సాయంత్రం పాళీ అడుగుత అత్తమ్మా. పొద్దంత నేనే చూసుకుంట, బడి విడిచినంక ఇది చూసుకుంటది. ఇది సరే అన్నదని నేనూ ఊకున్న."

మర్నాడు పదో తరగతిలో అందరూ హాజరు. మరమ్మతు వాళ్ళు వచ్చి, చాపలో ఏ లోపమూ కనబడక తిరిగి వెళ్ళారు. ఎర్రపేరు ఉన్నా లేకపోయినా రోజుకొక ఇంటికి వెళ్తానని విఠల్ సార్ ప్రార్థన సమయంలో ప్రకటించాడు. దాంతో సాయంత్రానికల్లా పిల్లలందరి ఎడమకాళ్ళు నయమైపోయాయి, పేర్లు పచ్చగా వెలుగుతూ పోయాయి.

చివరగా కృత్తిక వచ్చింది. చాప దాటుతూ ఆగింది. తరగతి గది కిటికీ వైపు తనివితీరా ఒకసారి చూసుకుంది. పలక మీద ఆమె పేరు భగ్గున ఎర్రబడింది. ఆమె నవ్వుతూ విఠల్ సార్ వైపు తిరిగింది.

"పోయొస్త సార్."

విఠల్ సార్ పలకను చూశాడు, ఆ పిల్లను చూశాడు. "మంచిది తల్లీ" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన ఇంకో పిల్లవాడి ఇంటికి చాయ్ తాగడానికి వెళ్ళాడు.