రెండో స్కానింగు

ఊళ్లో సగం మందికి కారు నడపడం నేర్పిన టీచరమ్మ ఆ ఉదయం టీ తాగి, కప్పు కడిగి బోర్లించింది. కీమోకి జుట్టు రాలిపోయిన తలకి రుమాలు చుట్టుకుంది.

"అమ్మా, చెవిపోగులు తీసెయ్. స్కానింగు గదిలోకి లోహం రానివ్వరట," అంది కూతురు హడావిడిగా.

"నేను రావట్లేదు."

కూతురు నిలబడిపోయింది. "అదేంటమ్మా! ఎంఆర్ఐ చూస్తేగానీ ఆపరేషన్ సంగతి తేల్చలేమన్నారుగా!"

"రక్తం పోవడం ఆగింది. నొప్పి తగ్గింది. ఇంకేం తేల్చాలి?"

"పైకి తగ్గినంత మాత్రాన లోపల గడ్డ కరిగినట్టు కాదు."

బూట్లు తొడుక్కుంటున్న భర్త విసుక్కున్నాడు. "చిన్నపిల్లలా మొండికేస్తావేంటి? పద!"

ఆ మాటతో ఆమెకి ఇన్నాళ్లూ దిగమింగుకున్నదంతా పైకి తన్నుకొచ్చింది.

"చిన్నపిల్లనే మరి! మొదటి స్కానింగప్పుడు డాక్టరుగారిని వరండాలోకి తీసుకెళ్లి మీరిద్దరే విన్నారు. నాకొచ్చి చిన్న పుండన్నారు. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సరని నాకు ఎవరు చెప్పారో తెలుసా? సూది గుచ్చే నర్సు! నాకు తెలుసనుకుని మాట్లాడేసింది పాపం. ఒళ్లు నాది, గుసగుసలు మీవా?"

కూతురు తల దించుకుంది. ఒక కాలికే బూటుతో ఉన్న భర్త కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వు తట్టుకోలేవని కాదు," అన్నాడు. "నువ్వు బెంబేలు పడితే నేనేమైపోతానోనని. ఈ ఇంట్లో ధైర్యమంతా నీదేగా."

ఆమె చెవిపోగులు తీసి కూతురి చేతిలో పెట్టింది.

ఆ పెద్ద గొట్టంలాంటి యంత్రంలో, చెవులు హోరెత్తించే చప్పుడు మధ్య, ఆమె కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. భయం వేసింది. కానీ చాలా రోజుల తర్వాత గుండె తేలిగ్గా ఉంది.

సాయంత్రం డాక్టరమ్మ పిలిచింది. ముగ్గురూ వెళ్లారు. ఆవిడ అలవాటుగా భర్త వైపు తిరిగి మొదలుపెట్టబోయింది.

"నాకు కాదండీ," అన్నాడాయన, కుర్చీ భార్య పక్కకి జరుపుకుంటూ. "ఆవిడకే చెప్పండి. మేమూ వింటాం."

డాక్టరమ్మ తెర ఆమె వైపు తిప్పింది. "ఇది కీమోకి ముందు. ఇది ఇవాళ్టిది. చూడండి, గడ్డ బాగా చిన్నదైంది. పక్కలకి పాకినట్టు కనిపించడం లేదు."

"పూర్తిగా పోలేదన్నమాట."

"పోలేదు. కానీ ఇప్పుడు ఆపరేషన్ చేసి తీసేయడానికి వీలుగా ఉంది. తీసినదాన్ని పరీక్షించాక మిగతా సంగతి చెప్పగలం."

టీచరమ్మ ఆ రెండు బొమ్మల్నీ తీరిగ్గా చూసింది. ఆపరేషన్ ఎంతసేపు పడుతుందో, మళ్లీ స్టీరింగు ఎప్పుడు పట్టుకోవచ్చో, తనకి అనుమానమున్నవన్నీ ఒక్కొక్కటే అడిగింది. భర్త మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకా అని తిరిగి చూస్తే, ఆయన కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఇదిగో, ఇలా చూడండి," అంది ఆమె మెల్లగా, ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని. "నాకూ భయంగానే ఉంది. ఇకనుంచి ఇద్దరం కలిసే భయపడదాం."