బ్లాక్ ర్యామ్‌లో మటన్ పై

"మటన్ పై లేదా?"

"లేదు."

"చిప్స్?"

"అవీ లేవు."

పిండి పొరలో మాంసం కూరి కాల్చే ఆ పై కోసం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ మనిషి కోటు నుంచి వాన నీళ్లు కారి కొత్త తివాచీని తడిపేస్తున్నాయి. అతని కాళ్ల దగ్గరున్న నలుపూ తెలుపూ కుక్క ఒక్కసారి ఒళ్లు విదిలించింది. దగ్గర్లో ఉన్న బల్ల మీది తెల్లగుడ్డ నిండా బురద చుక్కలు పడ్డాయి. ఆ రోజే పబ్బులో వంట మొదలుపెట్టిన బ్రయనీ ఆ చుక్కల వంక చూసింది. తరవాత కుక్క వంక చూసింది. చివరికి దాని యజమాని వంక చూసింది. అతను నవ్వుతున్నాడు. ఆ నవ్వు బాగుండటం ఆమెకు మరీ ఒళ్లు మండించింది.

"మరి ఏముంది?"

"ఏడు వంటకాల విందు. మొదట పొగబెట్టిన ట్రౌట్ చేప. ఆ తరవాత అడవి వెల్లుల్లి సూప్..."

"అమ్మాయ్, పొద్దుట్నుంచీ కొండమీద గొర్రెల వెంట తిరిగొచ్చాను. ఏడు వంటకాలూ అయ్యేసరికి అవి మళ్లీ ఈనుతాయి."

బార్ దగ్గర నిలబడ్డవాళ్లంతా గొల్లుమన్నారు. అతను చిన్న బాణాల్లాంటి డార్ట్స్ విసిరి ఆడుకునే పక్క గోడ వైపు తిరిగాడు. నవ్వు ఆగిపోయింది.

"డార్ట్ బోర్డు ఏది?"

"కొట్టంలో పెట్టించాను. ఈ గోడ దగ్గర ఇంకో రెండు బల్లలు పడతాయి."

ఎవరో గ్లాసు ఠక్కున కింద పెట్టారు.

"ఎనాక్ తాతా," అన్నాడతను మెల్లగా, "గ్లాసు ఖాళీ చెయ్యి. పోదాం పద."

ఎనాక్ తాత లేచాడు. ఆయన వెనక మరొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. కాసేపటికి పబ్బులో మిగిలింది దారితప్పి వచ్చిన పట్నం జంట ఒకటే. వాళ్లు కూడా సూప్ తాగి లేచారు.

విన్నీ అత్త బార్ వెనకాల గ్లాసులు తుడుస్తూ అంది. "మొదటి రోజే ఊరిని ఖాళీ చేయించావే తల్లీ!"

"నేనెక్కడ చేయించానత్తా? ఆయనే వెళ్లిపోయాడు."

"వాడు సైలస్ ఆల్డర్సన్. మన డార్ట్స్ టీమ్ కెప్టెన్. వాడు లేస్తే ఊరు లేస్తుంది. అవునూ, నీ విందులో అసలైన వంటకం ఏమిటన్నావ్?"

"కొండమీద పూలపొదలు మేసిన గొర్రె మాంసం. యార్క్‌షైర్ మొత్తంలో ఆ రుచి ఇంకెక్కడా..."

"ఆ గొర్రెలు వాడివే."

బ్రయనీ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడింది.

థార్న్‌గిల్ లోయలో ఉన్న పబ్బు ఈ బ్లాక్ ర్యామ్ ఒక్కటే. విన్నీ అత్త దాన్ని ఏళ్ల తరబడి నడుపుతోంది. భవనం మాత్రం బీరు కంపెనీది. వ్యాపారం పడిపోయిందనీ, వేసవి పోయేలోగా పుంజుకోకపోతే భవనాన్ని సెలవుల్లో వచ్చి ఉండే ఇల్లుగా పట్నంవాళ్లకు అమ్మేస్తామనీ కంపెనీవాళ్లు చెప్పారు. ఆ మాట వినగానే బ్రయనీ థాక్రే లీడ్స్‌లోని పెద్ద హోటల్లో వంట ఉద్యోగం మానేసి పెట్టె సర్దుకుని వచ్చేసింది. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఈ వంటింట్లోనే గడిపిన పిల్ల. బీరుతో బతకని పబ్బును వంటతో బతికిస్తానంది. అనడమే కాదు, గట్టిగా నమ్మింది కూడా.

మర్నాడు ఉదయమే ఆమె కొండెక్కి ఆల్డర్సన్ ఫారానికి వెళ్లింది. సైలస్ ఒక గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఉన్ని కత్తిరిస్తున్నాడు.

"మీ గొర్రె మాంసం కొనడానికి వచ్చాను, ఆల్డర్సన్ గారూ."

"అమ్మను, చెఫ్ గారూ."

"ఎందుకని?"

"మీరు నా గొర్రెను అగ్గిపెట్టెంత ముక్కగా కోస్తారు. బండి చక్రమంత పళ్లెంలో పెడతారు. పక్కన మూడు చుక్కల సాస్ వేస్తారు. గొర్రెకు ఎంత అవమానం!"

"గొర్రెకా, మీకా?"

"ఇద్దరికీ."

కత్తిరింపు అయిపోయింది. బోడిగా మారిన గొర్రె లేచి, బ్రయనీని ఒక చూపు చూసి, పరుగు తీసింది. బ్రయనీ కదల్లేదు.

"ఇంకా ఏమిటి?"

"డార్ట్స్ ఆడదాం. నేను గెలిస్తే మీరు మాంసం అమ్మాలి. వచ్చి నా విందు మొత్తం తినాలి, నోరు మూసుకుని."

"నోరు మూసుకుని ఎలా తింటారండీ?"

ఆమెకు నవ్వొచ్చింది. పళ్లు బిగించి ఆపుకుంది. "మీరు గెలిస్తే మటన్ పై చేస్తాను. డార్ట్ బోర్డు మళ్లీ గోడెక్కుతుంది."

సైలస్ కత్తెర కింద పెట్టి ఆమెను నిదానంగా చూశాడు. "ఎప్పుడైనా ఆడారా?"

"లేదు. వారం గడువివ్వండి చాలు."

ఆ వారమంతా కొట్టంలో డార్ట్స్ టకటకమని మోగాయి. విన్నీ అత్త పడుచుదనంలో జిల్లా ఆడవాళ్ల పోటీల్లో కప్పు కొట్టిన మనిషి. ఆవిడ గడ్డిమోపు మీద కూర్చుని కేకలు వేసేది. "ఒళ్లు విసరకే! చెయ్యి విసురు! అది బోర్డు, నీ శత్రువు కాదు!" బ్రయనీ చేప కడిగి వచ్చి విసిరేది, పిండి కలిపి వచ్చి విసిరేది. బొటనవేలు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుని మరీ విసిరింది.

ఆట రోజు ఊరంతా వచ్చింది. తొలి నుంచే సైలస్ ముందున్నాడు. కానీ బ్రయనీ అతన్ని వదిలిపెట్టలేదు, వెనకే వచ్చింది. చివరికి ఆట ముగించడానికి బోర్డు అంచున ఉన్న సన్నటి గీతలో ఒక్క డార్ట్ పడితే చాలన్న దాకా వచ్చింది. ఎనాక్ తాత పైపు కాల్చడం మానేసి నిలబడ్డాడు. ఆమె విసిరింది. డార్ట్ ఆ గీతకు హద్దుగా ఉన్న తీగకు బయట గుచ్చుకుంది, వెంట్రుకవాసి దూరంలో.

తరవాత సైలస్ విసిరాడు. ఆట అయిపోయింది.

అందరూ అరిచారు. సైలస్ మాత్రం అరవలేదు. ఆమె వేలికున్న గుడ్డ వంక చూస్తున్నాడు.

"బాగా ఆడారు."

"ఓడిపోయాను," అంది బ్రయనీ గడ్డం పైకెత్తి. "శుక్రవారం మటన్ పై తినడానికి రండి."

మాట ఇచ్చాక మొక్కుబడిగా చెయ్యడం ఆమె ఒంట్లో లేదు. వెన్న కలిపిన పిండిని మడతలు వేసి, చల్లబరిచి, మళ్లీ మడతలు వేసింది. ఎముకల రసాన్ని సన్నసెగ మీద పొద్దంతా మరగనిచ్చింది. శుక్రవారం సాయంత్రం బంగారు రంగు మటన్ పై పళ్లెంలో పొగలు కక్కుతూ సైలస్ ముందుకొచ్చింది. డార్ట్ బోర్డు కింద నిలబడ్డవాళ్లు ఆట ఆపి మరీ చూశారు.

అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఫోర్కు కింద పెట్టాడు.

"ఏమైంది?" అంది బ్రయనీ.

"ఈ పైపొర... మా అమ్మ కూడా ఇలా చెయ్యలేదు. అమ్మకు చెప్పకండి. రసం అమోఘం. కానీ ఈ మాంసం ఏమిటండీ?"

"పట్నం మాంసం. మంచిది ఉన్నాయన అమ్మనన్నాడు."

బార్ మొత్తం కిసుక్కుమంది. సైలస్ చెవులు ఎర్రబడ్డాయి. పళ్లెం మాత్రం నాకినట్టు ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

మూడో రోజు ఉదయం వంటింటి వెనక తలుపు చప్పుడైంది. తీసి చూస్తే సైలస్. గడ్డం గీసుకున్నాడు, జుట్టు దువ్వుకున్నాడు. భుజం మీద కసాయి దగ్గర కొట్టించి తెచ్చిన గొర్రె ఉంది.

"అంత మంచి పిండిలో ఆ మాంసం పెట్టడం పాపమండీ. నాకు నిద్ర పట్టడం లేదు."

"పందెం గెలిచింది మీరు కదా?"

"గెలిచి ఏడుస్తున్నాను. ఎక్కడ పెట్టమంటారు?"

అలా మొదలైంది. పబ్బులో ఒక వైపు డార్ట్స్, పై, ఊరివాళ్ల గోల. మరో వైపు తెల్లగుడ్డ బల్లలు, విందు, పట్నం నుంచి వచ్చే కార్లవాళ్లు. మొదట్లో ఊరివాళ్లు వాళ్ల పళ్లేల్లోకి తొంగిచూసి నవ్వుకునేవారు. తరవాత్తరవాత "ఆ ఎర్ర సాస్ ఏమిటో కాస్త నా పై మీద వెయ్యమ్మా" అనసాగారు.

సైలస్ మాంసం తెచ్చేవాడు. మాంసం అక్కర్లేని రోజు కొండమీద కోసిన నల్లపళ్లు తెచ్చేవాడు. అవీ లేని రోజు ఉత్త చేతులతో వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడేవాడు.

"నీకు పనేం లేదా?"

"ఉంది. చేస్తున్నాగా."

"ఏం చేస్తున్నావ్?"

"నువ్వు ఉల్లిపాయలు తరగడం చూస్తున్నాను. కష్టమైన పనే. కళ్లు మండుతున్నాయి."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు. విన్నీ అత్తకు గుర్తుంది కానీ, ఆవిడ పైకి చెప్పలేదు.

వేసవి చివరికొచ్చింది. తెల్లగుడ్డ బల్లలు నిండుతున్నాయి కానీ కంపెనీ ఆశించినంతగా కాదు. ఒకరోజు బ్రయనీ కిటికీలోంచి చూస్తే బీరు కంపెనీ మేనేజర్ లెన్నార్డ్ కారులోంచి సైలస్ దిగుతున్నాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. అతను లోపలికి రాగానే ఆమె నిలదీసింది.

"ఆయనతో నీకేం పని?"

"ఏం లేదు," అన్నాడు సైలస్ తడబడుతూ.

"ఏం లేకుండా కారెక్కుతారా? ఈ ఇల్లు నువ్వు కొంటున్నావా? అందుకేనా రోజూ వచ్చి చూసుకుంటున్నావ్?"

అతని ముఖం పాలిపోయింది. "నేను చూడ్డానికి వచ్చేది ఇంటినని అనుకున్నావా?"

కుక్కను పిలిచి వెళ్లిపోయాడు. ఆ తరవాత మాంసం పక్కింటివాళ్ల బండిలో వచ్చింది. అతను రాలేదు.

శనివారం లెన్నార్డ్ గారే ఫోన్ చేశారు. "రేపు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నానమ్మా. మా కంపెనీవాళ్లు కొందరిని కూడా తీసుకొస్తాను. నిజం చెప్పొద్దూ, అమ్మకం కాగితాలు సిద్ధమయ్యాయి. కానీ ఎవరో సైలస్ అట, నా కారుకు అడ్డం నిలబడి, ఆనక కారెక్కి కూర్చున్నాడు. ఒక్కసారి ఆమె చేతి వంట తిని, ఆ తరవాత అమ్ముకోండని ఒట్టు వేయించుకుంటే గానీ కదలనివ్వలేదు."

ఫోన్ పెట్టేసి బ్రయనీ నుదురు గోడకు కొట్టుకుంది.

ఆదివారం తెల్లారేసరికి కుండపోత. ముందు వంట, భోజనాలవగానే క్షమాపణ అనుకుంది. కానీ మధ్యాహ్నానికి వాగు పొంగి రోడ్డు మునిగిపోయింది. లెన్నార్డ్ గారి కార్లు అవతలి ఒడ్డున ఆగిపోయాయి.

"ఫోన్ చేసి ఇంకోరోజు రమ్మందామే," అంది విన్నీ అత్త.

"ఇంకోరోజుకి కాగితాల మీద సంతకాలైపోతాయి. పొయ్యి చూస్తూ ఉండత్తా!"

తెల్లకోటుతోనే వానలోకి దూకింది. కొండ దారిలో ఒకసారి జారి పడింది, లేచి మళ్లీ పరుగెత్తింది. ఫారం షెడ్డులో సైలస్ ఆమెను చూసి చేతిలోని గడ్డికట్ట వదిలేశాడు.

"ట్రాక్టరు కావాలి," అంది రొప్పుతూ. "క్షమాపణ కూడా చెప్పాలి. ఏది ముందు?"

సైలస్ ఆమె బురద మోకాళ్లను, ముక్కు మీంచి కారుతున్న వాన చుక్కను చూశాడు.

"నీళ్లు పెరుగుతున్నాయి. ట్రాక్టరు ముందు."

గొర్రెలను తోలే ట్రెయిలర్‌లో కొత్త గడ్డి పరిచారు. వాగు ఒడ్డున సైలస్ దిగి కర్రతో లోతు చూసి, పరవాలేదని తల ఊపాడు. అవతల పట్టు గౌన్లవాళ్లు, సూట్లవాళ్లు కార్ల అద్దాల్లోంచి ట్రాక్టరును చూసి నోళ్లు తెరిచారు.

బ్రయనీ నిచ్చెన వేసింది. "రండి! సూప్ చల్లారిపోతుంది!"

లెన్నార్డ్ గారు గొడుగు పట్టుకుని గడ్డి మీద కూర్చున్నారు. పక్కనే కుక్క కూర్చుంది. వాగు మధ్యలో ట్రాక్టరు ఊగినప్పుడు ఆయన కుక్కను గట్టిగా వాటేసుకున్నారు. ఒడ్డెక్కేసరికి అందరికంటే గట్టిగా నవ్వుతున్నది ఆయనే.

బ్లాక్ ర్యామ్‌లో ఆ మధ్యాహ్నం కాలర్లకు గడ్డిపరకలు అంటుకున్న పెద్దమనుషులు మాట మరిచిపోయి తిన్నారు. కొండగొర్రె మాంసం వచ్చినప్పుడు లెన్నార్డ్ గారు కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరిచి, "ఇంకొంచెం దొరుకుతుందా?" అని అడిగారు. చివరి వంటకం అయ్యాక ఆయన వంటింట్లోకి వచ్చారు.

"అమ్మకం ఆపేస్తున్నాం, మిస్ థాక్రే. ఏడాది చూద్దాం. ఆ తరవాత నన్ను మళ్లీ ట్రెయిలర్ ఎక్కించినా సరే, వస్తాను."

విన్నీ అత్త ఏప్రన్‌తో కళ్లు ఒత్తుకుంది. బ్రయనీకి ఏడుపు రాలేదు. ఆమె కళ్లు తలుపు వైపే ఉన్నాయి. తలుపు దగ్గర సైలస్ లేడు, ట్రాక్టరు దగ్గర అతిథుల కోసం ఎదురుచూస్తున్నాడు.

అతిథులను అవతల దించి వచ్చేటప్పుడు ట్రాక్టరులో ఇద్దరే ఉన్నారు. వాన తగ్గి తుంపర పడుతోంది. వాగు మధ్యలోకి వచ్చాక బ్రయనీ అతని చెయ్యి పట్టుకుంది.

"ఆపు."

"ఇక్కడా? నీళ్లలోనా?"

"ఇక్కడైతే నువ్వు దిగి వెళ్లిపోలేవు. తప్పుగా అనుకున్నాను సైలస్. క్షమించు. ఒక్క మాట అడగకుండా అనేశాను."

"అడిగినా నేను సరిగ్గా చెప్పలేదుగా. ఆయన ఒప్పుకోకపోతే నీ ఆశ విరుగుతుందని..." అతను స్టీరింగు వంక చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "నేనూ ఒక మాట చెప్పాలి. చాలా రోజుల్నుంచి. కొండమీద గొర్రెలకు చెప్పి చూశాను. బాగానే వచ్చింది. నీ ముందు మాత్రం..."

"గొర్రెలకేం చెప్పావ్?"

సైలస్ నోరు తెరిచాడు. మూశాడు. చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

"సరే, నువ్వు చెప్పేదాకా ఆగితే వాగు ఎండిపోతుంది," అంది బ్రయనీ. "నేనే చెబుతున్నా. నువ్వంటే నాకిష్టం. నువ్వు రాని రోజుల్లో ఉల్లిపాయలు తరగకపోయినా కళ్లు మండాయి. ఈ ఊళ్లోనే ఉంటాను, ఆ వంటింట్లోనే ఉంటాను. నువ్వు నాతో ఉండాలి. ఉంటావా, ఉండవా?"

"ఉంటాను," అన్నాడతను వెంటనే. ఆమె తడి జుట్టును నుదుటి మీంచి పక్కకు తీశాడు. ఆ తరవాత ఇద్దరికీ మాటలతో పని లేకపోయింది. వాగు ట్రాక్టరు చక్రాలను ఒరుసుకుంటూ పోయింది.

ఒడ్డు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ విన్నీ అత్త చాలాసేపు మర్యాదగా అటు తిరిగి కొండను చూసింది. ఇక ఓపిక అయిపోయింది.

"ఒరే అల్లుడూ!" అని గొంతెత్తి అరిచింది. "ముద్దులు ఒడ్డు మీదైనా పెట్టుకోవచ్చు! తొందరగా రండి, సింకు నిండా గిన్నెలున్నాయి. ఇవాళ్టి నుంచి తోమడానికి ఇంట్లో ఇంకో మనిషున్నాడుగా!"

సైలస్ నవ్వుతూ గేరు మార్చాడు.