ఘనా సంచిలో గింజలు

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఛాయాదేవి టీచర్ ఐదో తరగతి పిల్లలకి సంచులు పంచారు. పాత పేపర్లతో అంటించిన సంచులవి. వారానికి ఒకరి ఇంట్లో ఒక దేశం గురించి అలాంటి సంచులు తయారుచేస్తారు. ఏదీ కొనకూడదు. ఇంట్లోనో ఇరుగుపొరుగులోనో దొరికినవాటితోనే చెయ్యాలి.

ఈ వారం ఘనా దేశం. బ్లెస్సీ వాళ్ల వంతు.

పిల్లలు సంచులు విప్పారు. రంగులు వెయ్యడానికి జెండా బొమ్మ ఉంది. అక్కడి పిల్లల ఆట గురించి రాసిన కాగితం ఉంది. ఆ ఆటకోసం కోడిగుడ్ల అట్టని రెండు వరుసల గుంటలు వచ్చేలా కోసి పెట్టారు. గింజలు మాత్రం లేవు.

"గుంటల్లో గింజలు వెయ్యాలంట. ఏవే గింజలు?" అన్నాడు పవన్‌కుమార్. "ఉత్త గుంటలతో ఏం చేస్తాం? మమ్మల్ని గుడ్లు పెట్టమంటావా?"

అందరూ నవ్వారు.

టీచర్ బ్లెస్సీ వైపు చూశారు. "గింజలు ఏవమ్మా?"

బ్లెస్సీ తన సంచిలోకి చూస్తూ లేచింది. "మా అమ్మ మర్చిపోయింది టీచర్."

అది నిజం కాదు. అమ్మ ప్రతి సంచిలోనూ చింతగింజలు పొట్లం కట్టి పెట్టింది. పొద్దున బడికి వస్తుంటే కాలవగట్టు మీద తన తరగతి పిల్ల శ్రీదుర్గ ఒక సంచి విప్పి చూసింది.

"చింతగింజలా! ఇదేం ఘనా? మా నాయనమ్మ ఆడే వామనగుంటలే! మా జపాన్ సంచి ఎంత బాగుందో గుర్తుందా?" అని నవ్వి ముందుకు వెళ్లిపోయింది.

బ్లెస్సీ వెనకబడింది. పొట్లాలన్నీ విప్పి గింజల్ని కాలవలో పోసేసింది.

"పోన్లే. పాపం, మీ అమ్మ రోజంతా షాపులో మిషను కుట్టి వచ్చి ఇన్ని సంచులు చేసింది. రేపు ఆడుకుందాం. అమ్మకి ఫోన్ చేస్తాను" అన్నారు టీచర్.

సాయంత్రం అమ్మ వినీల వచ్చి గుమ్మంలోనే కూలబడింది. చెప్పులు కూడా విప్పలేదు. ఫోన్ మోగింది.

"గింజలు లేవాండీ?" అంటూ బ్లెస్సీ వంక చూసింది. బ్లెస్సీ తల దించుకుంది. అమ్మ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "అవునండీ టీచర్ గారూ. మర్చిపోయినట్టున్నాను. రేపు పంపిస్తాను."

ఫోన్ పెట్టేసింది. తిట్టలేదు. నడుం పట్టుకుని మెల్లగా లేచింది. "శౌరమ్మత్తని మళ్లీ అడగాలి. ఏమనుకుంటుందో ఏంటో."

తిట్టినా బాగుండేది అనిపించింది బ్లెస్సీకి. "నువ్వు కూర్చోమ్మా. నేను వెళ్తాను."

పక్కవీధిలో శౌరమ్మ వాకిట్లో చింతకాయల గుట్ట ముందు కూర్చుని ఉంది.

"మళ్లీ గింజలా? ఉన్నవి అమ్మేశానే పిల్లా. కావాలంటే కూర్చుని కొట్టుకో" అంది.

బ్లెస్సీ కూర్చుంది. పెంకు తియ్యాలి. కర్రతో కొట్టాలి. గింజ బయటికి లాగాలి. గుజ్జు వేళ్లకి అంటుకుంటోంది. కాసేపటికే చెయ్యి నొప్పెట్టింది.

"పుచ్చువి వేసుకోకు. పిల్లల చేతుల్లోకి వెళ్లేవని మీ అమ్మ ఒక్కొక్కటీ చూసి ఏరింది. ఇక్కడే, ఈ స్తంభానికి ఆనుకుని మధ్యలో కునుకు కూడా తీసింది" అంది శౌరమ్మ.

"మామ్మా, ఇంకాసిని కాయలు ఇటు జరుపు" అంది బ్లెస్సీ.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గోడకి జారగిలబడి నిద్రపోతోంది. బ్లెస్సీ లేపలేదు. గింజలు కడిగి, తుడిచి, పొట్లాలు కట్టింది.

మర్నాడు తరగతంతా గింజల చప్పుడే. శ్రీదుర్గ రెండు ఆటలు గెలిచి మూడోదానికి పట్టుపట్టింది.

"అమ్మకి థ్యాంక్స్ చెప్పు బ్లెస్సీ. ఈసారి మర్చిపోకుండా పెట్టింది" అన్నారు టీచర్.

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. బ్లెస్సీ లేచి నిలబడింది.

"నిన్న కూడా మర్చిపోలేదు టీచర్. గింజలు పెట్టింది. నేనే కాలవలో పోసేశాను."

చప్పుడు ఆగిపోయింది. శ్రీదుర్గ గింజ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మరి అమ్మ ఫోన్‌లో..." అన్నారు టీచర్.

"నాకోసం అలా చెప్పింది. మా అమ్మ ఏదీ మర్చిపోదు టీచర్."