కొత్తకుప్పం వల

సూళ్లూరుపేట బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో ఆ ఇంజినీరు మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. పక్కనున్న కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. రాకెట్లకు విడిభాగాలు చేసే ఒక ప్రైవేటు ల్యాబ్‌లో అతని ఉద్యోగం. అక్కడి నుంచి ఒక చిప్ దొంగిలించాడు, విదేశీ ముఠాకు అమ్మాడు, ఆ తర్వాత భయం పట్టుకుని ఇంటెలిజెన్స్ ఏజెన్సీకి ఫోన్ చేశాడు. కాఫీలో ఏం కలిపారో తెలుసుకునే లోపల అతను చెప్పగలిగింది ఒక్క మాటే.

"ఫుట్‌బాల్ జట్టుతో పోతోంది."

ఏజెన్సీ సౌత్ జోన్ చీఫ్ సమాధానం గారు రైల్వే స్టేషన్ బయట కారులో కూర్చుని ఆ మాటను తన ఏజెంటు సుభాషిణికి వినిపించి, రికార్డింగ్ ఆపేశారు.

"టార్గెట్ గోళీకాయంత చిప్ అమ్మా. రాకెట్‌కు దారి చూపే ప్రోగ్రామ్ మొత్తం దాంట్లో ఉంది. సాయంత్రం లోపల అది చెన్నై హార్బర్లో ఉన్న ఓడ ఎక్కేస్తుంది. ఈ రోజు ఇక్కడి నుంచి చెన్నైకి మ్యాచ్ ఆడడానికి పోతున్న జట్టు ఒక్కటే. కొత్తకుప్పం."

కొత్తకుప్పం సుభాషిణి పుట్టిన ఊరు. ఆ జట్టుకు కెప్టెన్, గోల్‌కీపర్, వాళ్ల బూట్లకు తాళ్లు లేకపోతే వలతాడు కోసి ఇచ్చే మనిషి, అంతా ఆమె తమ్ముడు పెంచల్.

"తమ్ముడు కాబట్టే నిన్ను పంపుతున్నా" అన్నారు చీఫ్. "దాచి చెప్పడం ఎందుకు, ఢిల్లీ వాళ్లకు ఆశ లేదు. మిషన్ ఫెయిలైందని ప్రకటన కూడా రాసి పెట్టుకున్నారు. మ్యాచ్ అయిపోగానే చెన్నై పోలీసులు జట్టు మొత్తాన్నీ అరెస్టు చేస్తారు. చిప్ దొరికినా, దొరక్కపోయినా."

"వాళ్లకు ఏమీ తెలిసి ఉండదు సార్."

"తెలియదని నిరూపించాలంటే తెలిసినవాడు దొరకాలి. జట్టుతో ఉషారాణి అని ఒకామె ఉంటుంది. ముఠాలో మనం పెట్టిన మనిషి. కోడ్ గుర్తుంది కదా?"

గుర్తుంది. సుభాషిణి టిఫిన్ క్యారియర్ పట్టుకుని కారు దిగింది. మారువేషం అక్కర్లేని మిషన్ ఆమెకు ఇదే మొదటిది. అక్కలాగా ఉంటే చాలు.

ప్యాసింజర్ రైల్లో జట్టు అప్పటికే రెండు వరసలు ఆక్రమించింది. పైన సామాన్ల అరలో పెద్ద వల మూట. కిటికీ పక్క సీటు మీద పెంచల్ తువ్వాలు పరిచి ఉంది.

"ఏందక్కా, పాస్‌పోర్టు ఆఫీసుకు సెలవా?" అన్నాడు పెంచల్ ఆశ్చర్యంగా. ఇన్నేళ్లుగా ఇంట్లో వాళ్లకు తెలిసిన ఉద్యోగం అదే.

"మీ ఆట ఎప్పుడూ చూడలేదు కదా అబ్బయా."

"ఈ రోజా చూసేది? సిగ్గుచేటు. అవతల హార్బర్ క్లబ్బోళ్లు. పోయినసారి గోల్స్ లెక్కబెట్టలేక రెఫరీనే చాలించినాడు."

ఆమె ఆ తువ్వాలు మీద కూర్చోబోతే అడ్డం పడ్డాడు. "అది మేడమ్‌కి పట్టి పెట్టినానక్కా."

మేడమ్ వచ్చింది. తెల్లటి లినెన్ చొక్కా, నల్లకళ్లద్దాలు, రైలుపెట్టెలో ఉన్న చెమటవాసననూ రొయ్యపొట్టు వాసననూ వెనక్కి నెట్టేసే సెంటు. నెల రోజుల కింద ఊరికి వచ్చిన ఫిజియోథెరపిస్టు అని పెంచల్ పరిచయం చేశాడు. చెప్తూ చెప్తూ తల దువ్వుకున్నాడు.

"మాతో బాగా కలిసిపోయిందక్కా. వల అల్లేటప్పుడు కూడా పక్కనే కూర్చుని తనూ రెండు సీసపు గుండ్లు కట్టింది."

సుభాషిణి నవ్వి, కిటికీ వైపు చూసింది. "ఎండ ఇటువైపే వస్తుందా?"

"తడ దాటితే తగ్గుతుంది" అంది ఉషారాణి.

కోడ్ సరిపోయింది.

రైలు పులికాట్ సరస్సు అంచున పోతోంది. నీళ్లు ఎండిన చోట తెల్లగా ఉప్పు, దూరంగా ఒకటి రెండు పడవలు. సుభాషిణి ఎడమచేతి గాజుల్లో ఒకటి గాజు కాదు. పనిచేస్తున్న చిప్ పక్కకు వస్తే అది సన్నగా వణుకుతుంది. అన్నం పెట్టే నెపంతో ఆమె అందరి బ్యాగుల మీదుగా చేయి పోనిచ్చింది. బూట్లు, జెర్సీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె. వల మూట కిందనుంచి నీళ్ల సీసా తీస్తూ దాన్నీ తడిమింది. గాజు కదల్లేదు.

"ఇంత పెద్ద వల ఎందుకురా మోయడం? గ్రౌండులో ఉండదా?"

"ఎవురి వల వాళ్లు తెచ్చుకోవాలక్కా. తీరం క్లబ్బుల్లో అది రూలు. ఓడినోడు తన వల గెలిచినోడికి వదిలేసి రావాల." పెంచల్ ముద్ద మింగి నిదానంగా అన్నాడు. "చేపలకంటే గోల్‌పోస్టులకే ఎక్కువ వలలు అల్లినాను నేను."

జట్టులో ఒకరిద్దరు నవ్వారు. ఎన్నిసార్లో విన్న జోకుకు నవ్వినట్టు.

గుమ్మిడిపూండి దగ్గర తలుపు పక్కన గాలికి నిలబడి ఉషారాణి పెదవులు కదలకుండా చెప్పింది. "కొత్త బంతిలో. బ్లాడర్ లోపల సీసం కవర్లో ఉంది. నీ గాజు పట్టుకోలేదు."

వేరే దారి లేదు. సుభాషిణి బంతి తీసుకుని బాత్రూములోకి పోయి కోసింది. లోపల గాలి తప్ప ఏమీ లేదు. బయటికి వచ్చేసరికి పెంచల్ ఎదురుగా ఉన్నాడు. అక్క చేతిలో ముడుచుకుపోయిన బంతిని చూశాడు, అక్క మొహం చూశాడు.

"అది ఊరంతా కలిసి కొనిచ్చిందక్కా" అన్నాడు. ఎందుకు కోశావని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత చెన్నై వచ్చేదాకా జట్టంతా ఆట మొదలుకాకముందే ఓడిపోయినట్టు కూర్చున్నారు. ఉషారాణి పొరపాటు పడిందా, కావాలనే తప్పుదారి పట్టించిందా? తేల్చుకునే లోపల స్టేషన్ వచ్చేసింది.

మైదానం సముద్రం పక్కనే. గేటు దగ్గర పోలీసు వ్యాను అప్పటికే ఆగి ఉంది. హార్బర్ క్లబ్ సెక్రటరీ కిషోర్ బాబు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో వచ్చి, అందరికంటే ముందు వల మూటను చూసి, ఆ తర్వాత పెంచల్‌కు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

మ్యాచ్ మొదలైన కాసేపటికే హార్బర్ క్లబ్ ఒక గోల్ వేసింది. కొత్తకుప్పం కుర్రాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వాన పడితే తడిసినంత మామూలుగా మళ్లీ మధ్యకు వెళ్లి నిలబడ్డారు.

సుభాషిణి ఆట చూడడం లేదు. పెంచల్ వెనకాల వల చూస్తోంది. గాలికి లేవకుండా కింది అంచు పొడుగునా సీసపు గుండ్లు కట్టి ఉన్నాయి. సముద్రపు గాలి బలంగా కొట్టినప్పుడు అంచంతా నేలను పట్టుకునే ఉంది. ఒక్క ఎడమ మూల మాత్రం లేచి ఆడుతోంది. ఆ మూల గుండు తేలిక. లోపల బోలు.

ఉషారాణి కూడా రెండు గుండ్లు కట్టింది. పెంచల్ ఆ మాట చెప్పినప్పుడు సుభాషిణి నవ్వి ఊరుకుంది.

హాఫ్‌టైమ్‌లో ఆమె చీఫ్‌కు ఫోన్ చేసి గుండు సంగతి చెప్పింది.

"వల మీ తమ్ముడు తెచ్చిందే కదమ్మా" అన్నారు సమాధానం గారు. "ఓడిపోతే రూలు ప్రకారం అది హార్బర్ క్లబ్బుకు పోతుంది. మాకేం తెలుసు, వాళ్లు తెచ్చారు, మేం తీసుకున్నాం అంటారు. ఆ గుండు కోసం తనంతట తాను చేయి పెట్టేవాడు దొరికితే తప్ప నేను పోలీసుల్ని ఆపలేను."

ఓడితే ఎవడూ చేయి పెట్టాల్సిన పని లేదు. వల దానంతటదే చేరుతుంది. సుభాషిణి గట్టు దగ్గర నీళ్లు తాగుతున్న తమ్ముడి దగ్గరకు పోయింది.

"అబ్బయా, ఈ రోజు ఓడిపోవద్దు."

పెంచల్ నోట్లోని నీళ్లు ఉమ్మేశాడు. "అదేదో మేం ముచ్చటపడి ఓడిపోతా ఉన్నట్టు చెప్తావే."

"వల ఇంటికి తీసుకుపోవాలి. ఎందుకని అడగొద్దు."

"బంతి కోసేది నువ్వే, ఓడొద్దనేదీ నువ్వే." అతను గ్లవ్స్ తొడుక్కుంటూ ఆమెను ఎగాదిగా చూశాడు. "మీ ఆఫీసులో అందరూ ఇట్లనే ఉంటారా?"

రెండో సగంలో జట్లు అటూ ఇటూ మారాయి. కొత్తకుప్పం వల ఇప్పుడు హార్బర్ కీపర్ వెనకాల ఉంది. సుభాషిణి అటు పోబోతుంటే పక్కన సెంటు వాసన వచ్చింది. పక్కటెముకల దగ్గర ఏదో సన్నటి మొన ఆనింది.

"కూర్చో. ఈ పెన్ను రాయదు" అంది ఉషారాణి. "గీసుకుంటే చాలు, స్పృహ పోతుంది. మ్యాచ్ అయ్యేదాకా ఇద్దరం స్నేహితుల్లా చూద్దాం."

"నువ్వు ఎవరి మనిషివి?"

"ఎప్పటికప్పుడు ఎవరు గెలుస్తారో వాళ్ల మనిషిని. అందుకే ఈ జట్టును నేనే ఎంచుకున్నా. విమానాలు ఆలస్యమవుతాయి, ఓడలు దారి తప్పుతాయి. కొత్తకుప్పం ఓడిపోవడం మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంత నమ్మకమైన కొరియర్ సర్వీసు లోకంలో ఇంకొకటి లేదు."

అది అబద్ధమైతే కదా సుభాషిణి జవాబు చెప్పడానికి.

ఆట మొత్తం పెంచల్ వైపే జరుగుతోంది. ఒక బంతి అతని మోకాలికి, ఇంకొకటి గోల్‌పోస్టు కర్రకు, ఒకటి అతని మొహానికి తగిలి వెనక్కి పోయాయి. మూతి పగిలినా అతను గోల్ వదల్లేదు. గేటు దగ్గర పోలీసులు వ్యాను దిగి చొక్కాలు సర్దుకుంటున్నారు. రెఫరీ గడియారం చూసుకున్నాడు.

ఎలా వచ్చిందో గానీ కొత్తకుప్పానికి ఒక కార్నర్ వచ్చింది. ఇంకేం పోతుందిలే అన్నట్టు పెంచల్ కూడా తన గోల్ వదిలేసి ముందుకు పోయాడు. బంతి ఎత్తుగా లేచింది, అతని తల మీదుగా దాటిపోయింది. మళ్లీ అంతే అనుకుని అతను వెనక్కి పరుగెత్తడానికి తిరిగాడు. అవతలి డిఫెండర్ కొట్టిన బంతి నేరుగా వచ్చి అతని వీపుకు తగిలి, అంతే వేగంగా వెనక్కి ఎగిరి, అతను అల్లిన వలలోనే పడింది.

ఒకటి ఒకటి.

ఏం చేయాలో వాళ్లకు తెలియలేదు. గోల్ వేసిన జట్లు ఎటు పరుగెత్తుతాయో వాళ్లు ఎప్పుడూ అవతలి వైపు నుంచే చూశారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, మైదానంలో కూర్చున్న తమ ఊరి ఏకైక మనిషి అక్క కాబట్టి, అందరూ కలిసి వచ్చి అక్క మీద పడ్డారు.

బెంచీ విరిగింది. ఆ చేతులూ కాళ్ల కుప్పలో పెన్ను ఉషారాణి పిక్కకే గుచ్చుకుంది.

"అక్కా, మేడమ్ కళ్లు తిరిగి పడిపోయింది" అన్నాడు పెంచల్, పగిలిన మూతితో నవ్వుతూ. "మా గోలు చూసి."

రెఫరీ విజిల్ వేశాడు. పోలీసులు కుర్రాళ్ల వైపు వస్తున్నారు. వలకు ఇక రూలు లేదు. డ్రా అయితే ఎవరి వల వాళ్లదే. సుభాషిణి కుప్పలోంచి పాక్కుంటూ బయటపడి చూసింది. ఇస్త్రీ చొక్కా గోల్‌పోస్టు ఎడమ మూల దగ్గర మట్టిలో మోకాళ్ల మీద ఉంది.

పోలీసు ఒకడు పెంచల్ మెడ పట్టుకుని వ్యానులోకి నెట్టాడు. తలుపు మూయబోతున్నాడు.

ఆమె పరుగెత్తింది. కిషోర్ బాబు బ్లేడుతో తాడు కోసి, గుండు మూత తిప్పి, లోపలిది అరచేతిలో వేసుకున్న క్షణంలో అతని మణికట్టు ఆమె చేతికి చిక్కింది. పొద్దుటి నుంచి కదలని గాజు గలగలమంది.

"డ్రా అయింది కదా కిషోర్ బాబు గారూ. మా వలతో మీకేం పని?"

చెన్నై నుంచి సాయంత్రం రైల్లో, పోలీసులు వదిలేసిన జట్టు సగం నిద్రలో ఉంది. చీఫ్ ఫోన్ చేశారు. ఢిల్లీలో ఓటమి ప్రకటన తయారుగా ఉందట గానీ, చిప్ దొరికిందని రాయడానికి ఎవరికీ చేయి తిరగడం లేదట. ఉషారాణి ఆసుపత్రిలో కళ్లు తెరవగానే, నేను మీ మనిషినే అందట.

పెంచల్ కిటికీ పక్క సీటు మీద మళ్లీ తువ్వాలు వేశాడు.

"మేడమ్ రాదులే అబ్బయా."

"ఓడిన రోజులన్నీ ఉండింది. ఈ రోజే రాదా?"

సుభాషిణి బయటికి చూసింది. కొంతసేపటికి అతనే తువ్వాలు తీసేసి, వల మూటను అరలోంచి దించి ఆ సీటులో కూర్చోబెట్టాడు.

పొన్నేరి దగ్గర ఎక్కిన టికెట్ కలెక్టర్ వాళ్లను ఎన్నోసార్లు చూసినవాడే. మూటను చూసి ఆగాడు.

"ఇదేంది, వల వెనక్కి వచ్చింది? గెలిచినారా?"

"లేదు సార్. ఓడిపోలేదు."

"మంచిది" అని అతను జేబులోంచి రసీదు పుస్తకం తీశాడు. ఓడిపోకపోతే తిరుగు ప్రయాణంలో కూడా వలకు లగేజీ టికెట్ కొనాలని కొత్తకుప్పం జట్టుకు ఆ రోజే తెలిసింది.