లైన్లో ఉండండి

"చిన్నీ, ఈ టీవీ కనెక్షన్ తీయించేసెయ్యవే," అంది తల్లి పొద్దున్నే.

చిన్ని గుమ్మం దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంటోంది. ముప్ఫై దాటినా ఇంట్లో ఆమె చిన్నే. అసలు పేరు ఆఫీసు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా వినబడదు.

"ధర పెంచారని ఉత్తరం వచ్చింది, అదేగా నీ బాధ? నేను మాట్లాడి తగ్గిస్తాలే."

"ధర సంగతి కాదు."

"మరింకేంటమ్మా? రోజంతా ఆ టీవీ చూసేది నువ్వే కదా!"

"అందుకే," అంది తల్లి.

ఆ మాట చెవిన పడింది గానీ బస్సుకు వేళయింది. ముందు గదిలో మిషను తొక్కుతున్న తండ్రికి చెయ్యి ఊపి చిన్ని పరుగెత్తింది. తండ్రి దర్జీ. పెళ్ళిబట్టల దగ్గర్నుంచి చిరిగిన సంచుల దాకా కుడతాడు. మాటలు మాత్రం దారం కంటే పొదుపుగా వాడతాడు.

చిన్ని పనిచేసేది ఆ టీవీ కంపెనీలోనే. కనెక్షన్ వద్దని ఫోన్ చేసేవాళ్ళంతా ఆమె విభాగానికే వస్తారు. గది తలుపు మీద 'వినియోగదారుల సంతృప్తి విభాగం' అని రాసి ఉంటుంది. లోపల కూర్చునే ఆరుగురూ దాన్ని 'కాళ్ళు పట్టుకునే విభాగం' అంటారు. వెళ్ళిపోతానన్నవాణ్ణి పోనివ్వకపోవడమే వాళ్ళ ఉద్యోగం. అందులో చిన్నిని మించినవాళ్ళు లేరు. ముందు ఎందుకు వెళ్తున్నారని అడుగుతుంది. తర్వాత అయ్యో అంటుంది. చివరికి ఏదో ఒక తాయిలం చేతిలో పెడుతుంది. తోటివాళ్ళు ఆమెకు 'జిగురు' అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వమే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సాధన అంతా అమ్మతోనే చేసింది. తల్లి వంటింట్లో గరిటెను ఫోన్‌లా చెవి దగ్గర పెట్టుకుని, "నాకొద్దండీ మీ టీవీ," అనేది. కూతురు నాలుగు మాటలు చెప్పేసరికి, "సరేలెండి, ఇంకో నెల చూద్దాం," అని నవ్వేసేది. ఒక్కసారి కూడా గెలిచింది లేదు.

ఇప్పుడు కంపెనీ ఒప్పందం మధ్యలోనే ధర పెంచింది. ఇంటింటికీ ఉత్తరాలు పంపింది. కొత్త ధర నచ్చకపోతే నెల లోపల జరిమానా లేకుండా మానుకోవచ్చని అడుగున ఒక వాక్యం ఉంది. నాన్నలా సూదిలో దారం ఎక్కించే కళ్ళుంటే తప్ప కనబడదు. వినియోగదారుడు అడిగితే చెప్పండి, మీకై మీరు చెప్పకండి అని పైవాళ్ళు గట్టిగా చెప్పారు. ఆ సంగతి చిన్ని భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పింది. ఆఫీసు విషయాలన్నీ అలా అమ్మ చెవిన వేయడం ఆమెకు అలవాటు.

తల్లికి మూత్రపిండాలు పాడై చాలాకాలమైంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రి వ్యాను వస్తుంది. అక్కడ మిషను పక్కన పడుకోబెట్టి, చేతికి రెండు సూదులు గుచ్చి, రక్తం శుభ్రం చేసి పంపిస్తారు. కిందటి వారం డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ఇక మూడుసార్లు చాలదన్నాడు. దాదాపు రోజూ రావాలి, ఎక్కువసేపు ఉండాలి, గుండె దానికి తట్టుకుంటుందో లేదో చెప్పలేనన్నాడు. మానేస్తే ఎన్నో రోజులు ఉండరని, ఆ రోజులు నొప్పి తెలియకుండా చూసుకునే బాధ్యత తమదని కూడా చెప్పాడు. "నిర్ణయం మీదేనమ్మా," అని తల్లి వైపు చూశాడు.

"వస్తుంది డాక్టర్. రోజూ వస్తుంది," అంది చిన్ని. దారి పొడవునా తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం చిన్ని చెవికి తగిలించుకున్న ఫోన్‌లో గంట మోగింది.

"నమస్కారం. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

అవతల ఒక గొంతు మెల్లగా, "నమస్కారమండీ," అంది. "మా టీవీ కనెక్షన్ రద్దు చేయించుకోవాలండీ."

అమ్మ! ఆరుగురిలో ఎవరో ఒకరు ఎత్తుతారనుకుంది కాబోలు, తీరా ఎత్తింది కూతురే. మాటలన్నీ రికార్డవుతాయని తల్లికి తెలుసు. ఇంటివాళ్ళ ఫోన్ వస్తే పక్క సీటుకు ఇచ్చేయాలన్నది రూలు. కన్నకూతుర్ని 'అండీ' అంటున్నది ఆ ఉద్యోగం కోసమే. చిన్ని మాత్రం ఫోన్ పక్క సీటుకు ఇవ్వలేకపోయింది.

"ఎందుకు మానుకోవాలనుకుంటున్నారో తెలుసుకోవచ్చా అండీ?"

"చూసేదాన్ని నేనొక్కదాన్నేనండీ. మా ఆయనకు మిషను చప్పుడు తప్ప ఇంకేదీ పట్టదు. మా అమ్మాయికి తీరిక ఉండదు. నేను వైద్యం మానేస్తున్నానండీ. నా తర్వాత ఈ కాంట్రాక్టు ఆయన నెత్తిన పడుతుంది. పాపం, ఫోన్లో మాట్లాడటం కూడా రాదాయనకి. ఇప్పుడైతే ధర పెంచారు కాబట్టి ఊరికే వదిలేస్తారట కదా. మా అమ్మాయే చెప్పింది."

అయినా ఏళ్ళ తరబడి అలవాటైన చిన్ని నోరు ఆగలేదు. "మీ ఇబ్బంది అర్థమైందండీ. మీలాంటి పాత వినియోగదారులను వదులుకోవడం మాకిష్టం లేదు. మూడు నెలలు పాత ధరకే..."

"మూడు నెలలు నేనేం చేసుకుంటానండీ?"

"ఒక్క నిమిషం... లైన్లో ఉండండి," అని చిన్ని మీట నొక్కింది. అవతల పాట మొదలైంది. ఆమె ఫోన్ బల్ల మీద పడేసి లేచింది.

"జిగురూ! ఎక్కడికి?" అని ఎవరో అరుస్తున్నా వెనక్కి తిరగలేదు.

ఇంటికి వచ్చేసరికి తండ్రి మిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. మిషను ఆడటం లేదు.

"నీకు తెలుసా నాన్నా?"

"నిన్న చెప్పింది."

"చెబితే? విని ఊరుకున్నావా?"

"వద్దన్నాను. ఎంత చెప్పాలో అంతా చెప్పాను. సూదులు గుచ్చే చెయ్యి చాపి చూపించింది." మిషను మీద ఉన్న గుడ్డను అరచేత్తో నిమిరాడు. "కుట్టిన చోటే మళ్ళీ మళ్ళీ కుడితే గుడ్డ కూడా ఆగదు తల్లీ."

చిన్ని లోపలికి వెళ్ళింది. తల్లి మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. అందులోంచి సన్నగా కంపెనీ పాట వినిపిస్తోంది. ఆ మోచేతిని రెండో చేత్తో ఆనించి పట్టుకుంది.

"ఇంకా పెట్టెయ్యలేదా అమ్మా?"

"లైన్లో ఉండమన్నావుగా. మధ్యలో పెట్టేస్తే నీకు మార్కు పోతుందని ఎప్పుడో చెప్పావు."

చిన్నికి ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. "మార్కు! నువ్వు పోతానంటూ నా మార్కు గురించి ఆలోచిస్తున్నావా? నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"చెప్పనిచ్చావా? డాక్టరు నన్నడిగితే నువ్వు జవాబిచ్చావు. ఇంటికొచ్చాక నోరు తెరిచిన ప్రతిసారీ ఏదో ఒకటి చేతిలో పెట్టావు. మెత్తటి దిండు తెస్తానన్నావు. వ్యాను వద్దు, కారు పెడతానన్నావు. ఇంకో డాక్టరన్నావు. నేను నీ కస్టమర్నటే?"

"కస్టమరువైతే పోనిచ్చేదాన్నేమో!"

"అరవకు, మీ నాన్న వింటారు." తల్లి ఊపిరి కూడదీసుకుంది. "మొదట్లో నేను ఒప్పుకున్నది వేరు చిన్నీ. వారానికి మూడు రోజులన్నారు, సరే అన్నాను. మిగతా రోజులు నావి కదా అనుకున్నాను. నీ కబుర్లు విన్నాను, మీ నాన్నకి బొత్తాలు కుట్టిపెట్టాను. బాగానే గడిచింది. ఇప్పుడు ఆ రోజులు కూడా ఇచ్చేయమంటున్నారు. సగంలో ధర పెంచితే వెళ్ళిపోవచ్చని ఇంతమందికి ఉత్తరం రాశారే, నాకు మాత్రం ఆ హక్కు లేదా?"

"నీకు చెప్పింది వాడుకోమని కాదమ్మా!"

ఆ మాట అనేసి చిన్ని నేల మీద కూలబడింది. మంచం పట్టె మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వు లేకపోతే సాయంత్రం ఇంటికొచ్చి ఎవరితో చెప్పుకోనే? నాకెవరున్నారు? నాకోసం ఉండొచ్చుగా!"

"నీకోసమేగా ఇన్నాళ్ళూ ఉన్నది," అంది తల్లి. ఆ మాటలో నిష్ఠూరం లేదు. "ఇంక నావల్ల కావడం లేదమ్మా. నొప్పి అని కూడా కాదు. అలిసిపోయాను."

తన కుట్టు నేర్పు ఏదీ ఇక్కడ పనికిరాక గుమ్మంలో తండ్రి నిలబడిపోయాడు. కంపెనీ పాట మాత్రం మొదటికొచ్చి మళ్ళీ మొదలవుతోంది. చివరికి చిన్ని లేచి, తల్లి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ఫోన్ తీసుకుని కట్టేసింది. ఆ చేతిని తన చెంపకు ఆనించుకుని, "మార్కు పోతే పోనీ," అంది.

మర్నాడు టీవీ కనెక్షన్ సంగతి పక్క సీటు అక్కకు అప్పజెప్పింది. ఆ అక్క చిన్ని ముఖం చూసి ఏ తాయిలమూ చూపకుండా రద్దు చేసేసింది. నెలాఖరు దాకా టీవీ వస్తుంది. అమ్మకు అంత గడువు లేదని ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. చిన్ని సెలవు పెట్టింది. తల్లితో కలిసి వెళ్ళి డాక్టరు ఎదుట కూర్చుంది. ఈసారి ఆయన అడిగినప్పుడు పెదవి కొరుక్కుని ఊరుకుంది. జవాబు తల్లే చెప్పింది.

తర్వాత వచ్చిన వ్యాను రోజున పొద్దున్నే వీధిలో హారన్ మోగింది. వద్దని ఆసుపత్రిలో చెప్పి వచ్చినా ఆ కబురు డ్రైవరుకు చేరినట్టు లేదు. లోపల తల్లి కళ్ళు తెరిచి కూతురి వైపు చూసింది. ముందు గదిలో మిషను ఆగిపోయింది. చిన్ని బయటికి వెళ్ళింది.

"అమ్మగారు లేవలేదా? పర్లేదు, కాసేపు ఆగుతాను," అన్నాడు డ్రైవరు.

ఆగమంటే ఆగుతాడు. మంచివాడు. అమ్మ కూడా, తను పట్టుబడితే ఇంకొక్కసారికి వస్తానంటుంది. రావడమే కాదు, ఆ పైసారికి కూడా వస్తుంది. చిన్నికి ఆ సంగతి తెలుసు. వెళ్ళేవాళ్ళను ఆపడం ఆమెకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు.

"వద్దండీ, ఆగకండి," అంది. "అమ్మ ఇంక రాదు. మీరు వెళ్ళండి."

వ్యాను మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడింది. లోపలికి వచ్చేసరికి తల్లి లేచి కూర్చుని ఉంది.

"వెళ్ళిపోయాడా?"

"వెళ్ళిపోయాడమ్మా."

"అయితే ఒక గ్లాసు మంచినీళ్ళివ్వవే. నిండా."

ఆ జబ్బుకు నీళ్ళు కూడా కొలిచే తాగాలి. ఎండాకాలంలో దాహం వేసినా నాలుక తడుపుకుని ఊరుకోవాలి. ఇన్నేళ్ళలో ఇంకో గుక్క అడిగితే వద్దమ్మా అని గ్లాసు లాక్కున్నది చిన్నే. ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళి పెద్ద గ్లాసు తీసింది. అంచుదాకా నింపింది. కాస్త నీళ్ళు నేల మీద ఒలికితే, మళ్ళీ నింపింది.

తల్లి రెండు చేతులతో గ్లాసు పట్టుకుని గటగటా తాగింది. నీళ్ళు గడ్డం మీదుగా కారి మెడ మీదికి జారుతున్నా ఆపలేదు. ఖాళీ గ్లాసు ఇచ్చి, హాయిగా కళ్ళు మూసుకుని, "ఎంత బాగున్నాయే!" అంది.

చిన్ని కొంగుతో అమ్మ మెడ తుడిచింది. కళ్ళు మసకబారి ఏమీ కనబడటం లేదు.

"ఇంకో గ్లాసు తేనా అమ్మా?" అని అడిగింది.