పేరమ్మ పథ్యం

అది పంతొమ్మిది వందల అరవై అయిదో సంవత్సరం ఎండాకాలం. పొద్దున్నే సముద్రం ఒడ్డు జువ్వలదిన్నెలో ప్రతి పొయ్యి మీదా చేపల పులుసు ఉడుకుతుంటే, చెంచయ్య కంచంలో మాత్రం చారునీళ్లూ మెతుకులూ. నిరుడు మద్రాసు డాక్టరు రక్త క్యాన్సరుకు మాత్రలు రాసిన రోజు నుంచి భార్య పేరమ్మ పెట్టే పథ్యం ఇదే. నాటుమందుకు పథ్యం ఉన్నప్పుడు ఇంగ్లీషు మందుకు ఉండదా అని ఆమె వాదన. చేప, గుడ్డు, పప్పు, ఆకుకూర అన్నీ బందు. డాక్టరును అడిగిందా అంటే, ఆమెకు తెలియనిదేదైనా ఉంటే గదా అడగడానికి.

ఆ క్యాన్సరు మెల్లగా నడిచే రకం, ఇప్పట్లో భయం లేదన్నారు. కానీ నెల రోజులుగా చెంచయ్య పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడుతున్నాడు. ఈ జబ్బున్నవాళ్లకు ఒక్కోసారి ఇంకో రక్త క్యాన్సరు కూడా తోడవుతుందని చెప్పి, డాక్టరు ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షకు పంపాడు. ఫలితం కోసం కొడుకు మాలకొండయ్య మద్రాసు వెళ్లాడు. ఇవాళ రావాలి.

"అత్తా, ఒక్క చేప ముక్క పెడతా. మామ మొగం చూడు, సున్నం కొట్టినట్టుంది," అంది కోడలు కామమ్మ.

"పెట్టి చంపుతావా? ఉన్నది చాలక రెండోది వచ్చేటట్టుంటే, నీకు చేపలు గావాల్నా?"

"పథ్యమని నువ్వే మాడ్చినావు. ఇంకేం మిగిలింది మనిషిలో?"

పేరమ్మ చెయ్యెత్తింది. కొట్టలేకపోయింది.

"నేను తింటా ఉండా గదా, మీకెందుకు తగువు," అన్నాడు చెంచయ్య. రెండు మెతుకులు మింగి కంచం పక్కకు జరిపాడు.

బిట్రగుంటలో రైలు దిగిన మాలకొండయ్య పొద్దెక్కాక ఇల్లు చేరాడు. గడపలోనే చెప్పేశాడు.

"రెండో క్యాన్సరు లేదు నాయనా. పాతది ఎట్టుండేదో అట్నే ఉండాది."

"మరి ఈ నీరసమేందయ్యా?" అంది పేరమ్మ.

"తిండి చాలకంట. ఏం తింటాడని అడిగినాడు డాక్టరు. పథ్యం సంగతి చెబితే తల పట్టుకున్నాడు. ఈ మాత్రలకు పథ్యమే లేదంటమ్మా. రక్తం పట్టే మందు రాసిచ్చి, చేపలూ ఆకుకూరలూ బాగా పెట్టమన్నాడు."

పేరమ్మ ఉన్నచోటనే చతికిలబడింది. "నేనేనా ఇట్టా చేసింది?"

"నువ్వు పెట్టినావు, నేను తిన్నా. డాక్టరును ఒక్క మాట అడగాలని నాకు మాత్రం తోచిందా," అన్నాడు చెంచయ్య.

కామమ్మ అత్త పక్కన కూర్చుని కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. "నేనూ నోరు జారినా అత్తా."

పేరమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఇన్నేళ్ల కాపురంలో ఏనాడూ తప్పు తనదని ఒప్పుకున్న మనిషి కాదు. ఇవాళ మాత్రం ఆ తప్పు తనదే అయినందుకు, ఇంకో జబ్బుది కానందుకు, సముద్రం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.