విచారణ ఆఫీసు

పంపు మెకానిక్ మంగళవారం సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరాడు. తిరిగి రాలేదు. స్కూటర్ కాలువ గట్టున దొరికింది. తాళంచెవి దానికే ఉంది.

అతని చెల్లెలికి అప్పట్నుంచి నిద్ర లేదు. కాలింగ్ బెల్ మోగితే చాలు, తలుపు దగ్గరికి పరుగెత్తుతోంది. అన్న బతికున్నాడా? ఎవరూ చెప్పడం లేదు.

షాపు భాగస్వామి మీద ఇన్‌స్పెక్టర్‌కి అనుమానం. మెకానిక్‌తో నడిరోడ్డు మీద గొడవపడ్డ మనిషి. చెల్లెలి భర్త మాత్రం పాపం, ఫొటో పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు. "మా బావగారు క్షేమంగానే ఉంటారు సార్" అంటూ పోలీసులకే ధైర్యం చెబుతున్నాడు.

"ఆస్తి గొడవలేమైనా ఉన్నాయా అమ్మా?"

"లేవు సార్. మేనత్త ఇల్లు మా అన్నాచెల్లెళ్లిద్దరికే వస్తుంది. ఈయన మా వంశవృక్షం రాస్తానని మొన్న చర్చికి కూడా వెళ్లొచ్చారు."

ఇన్‌స్పెక్టర్ ఆలుమగల్నీ, భాగస్వామినీ జీపెక్కించి చర్చికి బయల్దేరాడు.

చర్చి పక్కన చిన్న గది. ఇనప బీరువా, కొవ్వొత్తుల వాసన. కళ్లద్దాల క్లర్కమ్మ యూనిఫాం చూసి బెదిరింది.

"ఇది విచారణ ఆఫీసండీ." ఒక చర్చి కిందికి వచ్చే కుటుంబాలన్నిటినీ కలిపి కతోలికులు విచారణ అంటారు.

"మాదీ విచారణేనమ్మా. కొవ్వొత్తులుండవంతే." ఇన్‌స్పెక్టర్ చెల్లెలి భర్తను చూపించాడు. "ఈయన వచ్చారా?"

"సోమవారం వచ్చారు. కుటుంబ చరిత్ర రాస్తున్నాను, జ్ఞానస్నానాల రిజిస్టర్ చూపించమన్నారు."

"చూపించారా?"

"ఎలా చూపిస్తాం? బతికున్నవాళ్ల వివరాలు వాళ్లొచ్చి అడిగితేనే ఇస్తాం. చరిత్ర కోసమైతే పోయినవాళ్లవే."

"ఏమన్నారు?"

"మా బావగారు పోయారన్నారు."

చెల్లెలు చటుక్కున భర్త వైపు తిరిగింది.

"సోమవారమా? ఆయన మాయమైంది మంగళవారం కదా!" అన్నాడు భాగస్వామి.

భర్త నవ్వబోయాడు. "రూల్ తప్పించుకుందామని ఏదో నోటికొచ్చింది అన్నాను సార్. అంతే."

"కావచ్చు. తర్వాతేమైందమ్మా?"

"డెత్ సర్టిఫికెట్లు తెమ్మన్నా. ఇద్దరివి అడిగారుగా. ఒకటి ఈ వారంలో తెస్తాను, రెండోది కాస్త ఆలస్యమవుతుందన్నారు."

"రెండోది ఎవరిది?"

"ఆ బావగారి చెల్లెలిది."

ఎదురుగా ఉన్నది ఆ చెల్లెలేనని క్లర్కమ్మకు తెలియదు. చెల్లెలు గోడకు అతుక్కుపోయింది. ఇన్ని రోజులూ భర్త కలిపి ఇచ్చిన మజ్జిగే తాగింది. ఆ మనిషి పక్కనే పడుకుంది.

"రూల్ కోసం ఆడిన అబద్ధమైతే ఇద్దరూ పోయారనేవాడివి. రెండోది ఆలస్యమని ఎందుకన్నావు?" ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. "అబద్ధం కాదు కాబట్టి. నీ ప్లాన్‌లో ఈమె వంతు ఇంకా రాలేదు కాబట్టి. ఇల్లు నీకు దక్కాలంటే ఇద్దరూ పోవాలి, అదీ వరసగా, ముందు అన్న, తర్వాత చెల్లెలు."

భర్త తలుపు వైపు చూశాడు. అక్కడ కానిస్టేబుల్ ఉన్నాడు.

చెల్లెలు ముందుకొచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో 'ఏవండీ' తప్ప మరో పిలుపు తెలియని మనిషి. భర్త ముఖంలోకి సూటిగా చూస్తూ అడిగింది.

"మా అన్నయ్య ఎక్కడరా?"

అతను తలెత్తలేదు. "కాలువ తూము దగ్గర" అన్నాడు.